తియ్యనీళ్ళ నాచు

"పోయేదేముంది మియా? సారీ అను. ఒక్క మాట. అయిపోతది."

మా షాపు యజమాని ఈ మాట అన్నది మస్కట్లోని రూవీలో, షాపు ముందు బండి స్టార్ట్ చేసి, లోపల కాస్త చల్లబడేదాకా ఆగినప్పుడు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. రంగు చేపలు, అక్వేరియం సామాను అమ్ముతాడు. పెద్ద ఇళ్ళలో తను పెట్టించిన తొట్లకు మనుషుల్ని పంపి శుభ్రం చేయిస్తాడు. ఆ మనుషుల్లో నేనొకణ్ణి. అల్ ఖౌద్‌లో ఒక విల్లాలో నేను చూసే, ప్రాణమున్న పగడాలు పెరిగే ఉప్పునీళ్ళ తొట్టి నిండా పచ్చటి నాచు పట్టింది. ఇంటాయన ఫోన్ చేసి కేకలేశాడు. ఇప్పుడు నేను వెళ్ళి, ఆయన మజ్లిస్‌లో అతిథులు పదిమంది కూర్చునే ఆ తివాచీ మీద నిలబడి, తప్పు నాదని ఒప్పుకోవాలట. ఒప్పుకోకపోతే నన్ను ఆ తొట్టి నుంచి తీసేసి, అల్ అమెరాత్‌లో కొత్త ఇళ్ళ స్విమ్మింగ్ పూల్స్ కడగడానికి పంపిస్తాడట.

తప్పు నాది కాదు. అది నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.

"ఏమని చెప్పమంటారు?" అన్నాను. ఆయన నన్ను నువ్వంటాడు. నేను ఆయన్ని మీరంటాను. అది ఆయన గొప్ప కాదు, నా పెంపకం.

"సీదా చెప్పు. నేను రొయ్యల చెర్వుల కాడ్నుంచి వచ్చినోన్ని, నీళ్ళు పచ్చగుంటే మంచిదనుకున్న, తెల్వక చేసిన అని చెప్పు. అర్బాబు నవ్వుతడు. మాఫ్ చేస్తడు."

అర్బాబంటే ఇక్కడ దొర, ఆ ఇంటాయన. ఈ అబద్ధం మా యజమాని అప్పటికప్పుడు అల్లింది కాదు. ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. పగడాల తొట్టి పోయినందుకు మా నాన్నగారి చెరువుల్ని దోషిగా నిలబెట్టాలని. నా కోపం అక్కడ మొదలైంది. ఇవాళ్టికీ తగ్గలేదు.

మాది డెల్టా. మా తాతగారు వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఊళ్ళో తగవు వస్తే మా ఇంటి వసారాలో తీరేది. మా నాన్నగారు వరి పొలాన్ని తవ్వించి రొయ్యల చెరువులు చేశారు. పొద్దున్నే గట్టు మీద గొంతుక్కూర్చుని చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచి, అరచెయ్యి ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూసేవారు. నీటికి లేత ఆకుపచ్చ రంగు రావాలి. ఆ రంగు ముదిరితే సాయంత్రానికి మేత తగ్గించేవారు. విరిగితే సున్నం చల్లించేవారు. కొలిచే సామాను ఆయన దగ్గరా ఉండేది గానీ, ముందు కన్ను చెప్పేది, తర్వాత సామాను ఒప్పుకునేది. ఒక సీజన్లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. చెరువు తర్వాత చెరువు. చచ్చిన రొయ్య గట్టుకు కొట్టుకొచ్చి ఎర్రగా పేరుకుపోయింది. తర్వాత మా ఇంటి వసారాలో ఎవరి తగవులూ తీరలేదు. మమ్మల్ని చూసి లేచి నిలబడటం మానేసినవాళ్ళలో మా ఉప్పు తిన్నవాళ్ళే ఎక్కువ. అదంతా జరిగిపోయింది. కానీ మా నాన్నగారికి నీళ్ళు తెలియవని అన్నవాడు ఆ ఊళ్ళో కూడా ఒక్కడూ లేడు. ఆ మాట రూవీలో ఒక బండిలో కూర్చుని నా నోటితోనే అనిపించాలని చూశాడు ఈ పెద్దమనిషి.

రొయ్యల చెరువుకూ పగడాల తొట్టికీ తేడా తెలియని దద్దమ్మను కాను. చెరువులో నీళ్ళకు బలం పెట్టాలి, నాచు కట్టించాలి. పగడం దానికి పూర్తిగా ఎదురు. ఉప్పు, క్షారగుణం, కాల్షియం అన్నీ ఉన్న చోటే కదలకుండా ఉండాలి, కానీ ఎరువు మాత్రం ఉండీ లేనట్టుండాలి. నైట్రేటు, ఫాస్ఫేటు కాస్త పెరిగాయా, వెంట్రుకల్లాంటి నాచు రాళ్ళ మీదకెక్కి పగడాన్ని ఊపిరాడనివ్వదు. ఇంకో సంగతి, ఈ ఎండలకు, ఏసీకి తొట్టిలో నీళ్ళు రోజూ ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాబట్టి తరిగినంత మేర ఉప్పు లేని నీళ్ళే పొయ్యాలి. అవి కూడా ఆర్వో మిషన్లో వడకట్టిన, లోపల ఏమీ లేని నీళ్ళు అయుండాలి. నీళ్ళతో పాటు రోజూ చిటికెడు ఏదో వస్తుంటే, ఆవిరయ్యేది నీరే కాబట్టి, ఆ చిటికెడు తొట్టిలోనే ఉండిపోతుంది. రోజురోజుకీ పేరుకుంటుంది. షాపు నుంచి ఆ నీళ్ళు క్యాన్లలో పంపాలి, తొట్టి పక్కనున్న తెల్ల డ్రమ్ములో నింపాలి. రోజూ దాంట్లోంచి తొట్టి గీత దాకా పొయ్యడం ఆ ఇంట్లో వంట చేసే ఆవిడ పని.

ఆవిడది గోదావరి జిల్లా. మొదటిసారి నా మాట వినగానే "మీదే ఊరండి బాబుగారూ?" అంది. చెప్పాను. చెప్పగానే చేతిలోని గరిటె పక్కన పెట్టి, కొంగు సర్దుకుంది. "ఆయ్, మీ తాతగారి పేరు మా నాన్న చెప్పేవోడండి" అంది. మస్కట్లో నన్ను బాబుగారన్న మనిషి ఆవిడొక్కతే. అది నాకు ఇష్టమని దాచుకోను.

నాచు పట్టకముందు, నన్ను ఇంకో ఊళ్ళో ఒక హోటల్‌కి కొత్త తొట్టి అమర్చే పనికి పంపించారు. కొన్ని వారాలు అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చి ఆ మజ్లిస్‌లోకి అడుగు పెట్టి, చెప్పులు విడిచిన చోటే నిలబడిపోయాను. రాళ్ళు కనపడటం లేదు. పచ్చటి జుట్టు విరబోసుకున్నట్టు నాచు. ఊదారంగు పగడం, ఇంటాయన ఎంతో ముచ్చటపడి తెప్పించుకున్నది, ముడుచుకుపోయి పిడికిలిలా ఉంది.

చేతులతో నాచు పీకాను. బ్రష్షుతో రుద్దాను. షాపులో ముందే ఉప్పు సరిగ్గా కలిపి ఉంచిన నీళ్ళతో కొంత మార్చాను. మేత తగ్గించమన్నాను. ఫాస్ఫేటును పీల్చే గుళికలు సంచిలో కట్టి ఫిల్టర్లో పెట్టాను. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి చూస్తే నైట్రేటు ఉందని చెప్పే గులాబీ రంగు తగ్గింది. మళ్ళీ వారం వెళ్తే ఆ రంగు తిరిగి అంతకంత చిక్కబడింది. మళ్ళీ మార్చాను. మళ్ళీ అదే. ఎక్కడి నుంచి వస్తోంది ఈ ఎరువు? నాకు పిచ్చెక్కింది.

ఈలోగా షాపాయన ఒక సీసా ఇచ్చాడు. నాచును చంపే మందు. "పొయ్యి, రెండ్రోజుల్ల సాఫ్" అన్నాడు. నేను పొయ్యనన్నాను. నాచు చస్తుంది, నిజమే. చచ్చిన నాచు ఆ నీళ్ళలోనే కుళ్ళి, తిన్న ఎరువంతా తిరిగి నీళ్ళలోనే కక్కుతుంది, నీటిలోని ఊపిరిని లాగేస్తుంది. పగడం దాంతో పాటే పోతుంది.

"నువ్వు డాక్టర్‌వా?"

"కాదు. తొట్టి నాది."

"తొట్టి నీదా?" పగలబడి నవ్వాడు. షాపులో ఉన్నవాళ్ళకు ఉర్దూలో చెప్పి వాళ్ళనీ నవ్వించాడు. "జమీందారు సాబ్ తొట్టి కొన్నరంట!"

ఆ సీసాను కౌంటర్ మీద పెట్టేసి బయటికి వచ్చాను.

తర్వాతి సారి వెళ్ళినప్పుడు మూత తీసి తెల్ల డ్రమ్ములోకి చూశాను. ఎండిపోయి ఉంది. అడుగున దుమ్ము, ఒక చచ్చిన బొద్దింక.

వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆవిణ్ణి పిలిచాను. "తొట్టిలో నీళ్ళు పోస్తున్నారా?"

"ఆయ్, పోత్తన్నానండి బాబుగారూ. రోజూ గీత దాకా పోత్తన్నాను. తియ్యనీళ్ళేనండి."

"డ్రమ్ము ఎండిపోయింది కదా. ఏ తియ్యనీళ్ళు?"

"మామావోళ్ళ తోట నీళ్ళండి." మామా అంటే ఇంటాయన తల్లి. ఇక్కడ ఇంట్లో పనిచేసేవాళ్ళు ఇంటి పెద్దావిడను అలాగే పిలుస్తారు. "అల్లక్కడ కొండల్లో వీళ్ళకి కర్జూరం తోట ఉందండి. అందులో బాయి నీళ్ళు క్యాన్లతో తెప్పిచ్చుకుంటారండి. కాఫీకి అయ్యే, తాగటానికి అయ్యే. ఈ ఇంట్లో మాయ్ హేలూ అంటే ఇంక వేరే నీళ్ళు లేవండి."

"అవి పొయ్యమని ఎవరు చెప్పారు?"

"మీ సేటేనండి. మీరు లేనప్పుడొచ్చాడు. డ్రమ్ములో నీళ్ళైపోయాయండీ అంటే, తరవాత పంపిత్తాను, అందాకా రోజ్ మీఠా పానీ డాలో అన్నాడండి. మీఠా అంటే హేలూ కదండీ? మామాని అడిగితే ఆవిడా హేలూ, హేలూ, పొయ్యి అంది. చేపలకి కూడా మంచినీళ్ళు పోత్తన్నామని సంబరపడిందండి." అని నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏవండీ, తప్పు చేసేనాండీ?"

మీఠా పానీ. మాయ్ హేలూ. తియ్యనీళ్ళు. మూడు భాషల్లోనూ మనిషికి అర్థమయ్యేది ఒకటే, ఉప్పు కాని నీళ్ళని. షాపాయన ఏ నీళ్ళో చెప్పకుండా ఆ మాట ఒకటి విసిరి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ మాటను నమ్మి, ఇంట్లోకెల్లా మంచివైన నీళ్ళు తెచ్చి పోసింది. క్యానులోని నీళ్ళు గాజు గొట్టంలో పోసి చుక్కలు వేశాను. బీట్‌రూట్ రంగు తేలింది. ఖర్జూరపు చెట్లకు వేసిన మేకల ఎరువు, సంచుల ఎరువు అంతా ఏళ్ళ తరబడి ఆ బావిలోకి దిగి ఉంటుంది. దాన్ని రోజూ, గీత దాకా.

వెంటనే షాపాయనకు ఫోన్ చేసి చెప్పాను. అటుపక్క తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత అన్నాడు: "ఆర్వో మిషన్ ఖరాబైంది, నీకు చెప్పలే. బనాయిస్తనే ఉన్న. ఇప్పుడేం జేస్తవ్? గా ఆడామె పోసిందని చెప్తవా? టికెట్ చేతిల పెట్టి ఊరికి పంపుతరు. ముసలమ్మ బాయి ఖరాబంటవా? అది వాళ్ళ ఇజ్జత్. నిన్ను పంపుతరు. నా పేరు చెప్తవా? చెప్పి చూడు. అందుకే చెప్తున్న, నువ్వు సారీ అను."

అన్ని దారులూ మూసి, నా మెడ పట్టేంత సందు ఒకటి తెరిచి పెట్టాడు.

రూవీ నుంచి ఆ బండిలో మేమిద్దరం వెళ్ళేసరికి, మజ్లిస్‌లో ఇంటాయన గోడవార దిండ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషు బాగా తెలిసిన మనిషి, పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. మా ఇద్దర్నీ కూర్చోమన్నాడు. ఖర్జూరాలు వచ్చాయి. వంటావిడ కాఫీ కూజా పట్టుకుని మాకు చిన్న గిన్నెల్లో పోసి, గుమ్మం పక్కన నిలబడింది. కూజా మూతిని కొంగుతో తుడిచిందే తుడుస్తోంది. తొట్టి మా ఎదురుగానే ఉంది, పచ్చగా, మమ్మల్ని వెక్కిరిస్తూ.

షాపాయన అరబ్బీలో మొదలుపెట్టాడు. గబగబా, నవ్వుతూ, చేతులు తిప్పుతూ. నాకు వచ్చే అరబ్బీ కొంచెం. రొబియాన్ అన్న మాట వినపడింది. అంటే రొయ్య. నావైపు చెయ్యి చూపించి ఇంటాయనతో కలిసి నవ్వబోయాడు. ఇంటాయన నవ్వలేదు. అప్పుడు వినపడింది: "హువా ఆసిఫ్. ఆసిఫ్ జిద్దన్." అతను క్షమాపణ అడుగుతున్నాడు. చాలా చింతిస్తున్నాడు.

నేను నోరు తెరవకముందే నా క్షమాపణ చెప్పేశాడు! చెప్పి, పక్కనుంచి నా భుజం మీద చెయ్యి వేసి, తల దించమన్నట్టు నొక్కాడు. మెల్లగానే నొక్కాడు. స్నేహంగా కనపడేటట్టు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా ఇల్లు వేలానికి వచ్చిన రోజున కూడా మా నాన్నగారు తల ఎత్తుకునే గుమ్మం దిగారు.

ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"లా," అన్నాను. "అనా మా ఆసిఫ్."

నేను చింతించడం లేదు. నా అరబ్బీలో అంతకంటే మర్యాదగా చెప్పే మార్గం లేదు. ఉన్నా వాడేవాణ్ణి కాదు.

ఇంటాయన గిన్నె కింద పెట్టాడు. "ఏమన్నావు?" అన్నాడు ఇంగ్లీషులో.

"తప్పు నాది కాదన్నాను. మా నాన్నగారి చెరువులదీ కాదు. మా కంపెనీ ఇక్కడికి పంపాల్సిన నీళ్ళు పంపలేదు. డ్రమ్ము ఎండిపోయింది, మీరే మూత తీసి చూడండి. అందాకా తియ్యనీళ్ళు పొయ్యమని మా యజమాని చెప్పి వెళ్ళారు. మీ ఇంట్లో తియ్యనీళ్ళంటే ఏవో ఆయన అడగలేదు. మీ ఇంట్లోవాళ్ళు ఉన్నవాటిలోకెల్లా మంచివి పోశారు. చెప్పినట్టు చేశారు."

"తోట నీళ్ళా?"

"అవును."

ఆయన ముఖం బిగిసింది. "ఆ బావి మా నాన్న తవ్వించాడు. ఆ నీళ్ళు తాగి పెరిగాను నేను. చెడ్డవంటున్నావా?"

పక్క గది తెర కదిలింది. పెద్దావిడ అంతా వింటోందన్నమాట. నల్లటి వస్త్రం నుదుటి మీదికి లాక్కుని, కర్ర పట్టుకుని వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. వంటావిడతో ఏదో అంది. వంటావిడ లోపలికి వెళ్ళి గాజు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నా ముందు పట్టింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇష్రబ్," అంది పెద్దావిడ. తాగు.

కూర్చుని, కుడిచేత్తో అందుకుని తాగాను. పూర్తిగా తాగాను. నిజంగా తియ్యగా ఉన్నాయి. కొండ చల్లదనం, ఎక్కడో కొంచెం మట్టి. అలాంటి నీళ్ళు ఉన్న ఇల్లు గర్వపడటం న్యాయమే.

"హేలూ," అన్నాను. తర్వాత ఇంటాయనతో అన్నాను: "మీ నాన్నగారి నీళ్ళు చెడ్డవని నేను అనలేదు. వాటిలో బలం ఎక్కువ. ఖర్జూరానికి ఆ బలం కావాలి. మా రొయ్యకీ కావాలి. పగడానికి బలం పనికిరాదు. మీరు పోసిన బలమంతా నాచు తిన్నది. అంతే."

ఆయన తల్లికి చెప్పాడు. ఆవిడ వింటూ తొట్టివైపు చూసింది, నావైపు చూసింది, నాలుక చప్పరించి ఏదో అని లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగిన ఇంటాయన మొదటిసారి షాపాయన్ని సూటిగా చూశాడు. "డ్రమ్ము ఎందుకు ఎండింది?"

షాపాయనకు నోట మాట తడబడింది. మిషన్ అన్నాడు, పార్టు దుబాయ్ నుంచి రావాలన్నాడు, ఇన్షా అల్లా అన్నాడు. ఇక్కడ కాఫీ చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి. ఊపేదాకా పోస్తూనే ఉంటారు. ఇన్నేళ్ళుగా ఉంటున్న మనిషి, ఆ కంగారులో ఊపడం మర్చిపోయాడు. వంటావిడ పోస్తూనే ఉంది. ఆయన తాగుతూనే ఉన్నాడు. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు. కూజాను మాత్రం ఆ గిన్నె మీద నుంచి తియ్యలేదు.

తిరుగు దారిలో షాపాయన బండి విసురుగా తోలాడు. తర్వాత స్టీరింగ్ మీద కొట్టి అన్నాడు: "నువ్వు ఆసిఫ్ కాదని మాకు తెల్వదా? నీ బాప్ పెట్టిన పేరు వేరేనాయె! నా ఇజ్జత్ తీసినవ్ కదా."

ఆసిఫ్ అని వాళ్ళలో మనిషి పేరు కూడా ఉంది, అదీ ఆయన వెటకారం. "మీ ఇజ్జత్ ఆ డ్రమ్ములో ఉండాల్సింది," అన్నాను.

మర్నాడే నన్ను అల్ అమెరాత్ పంపించాడు. సిమెంటు దుమ్ము మధ్య, ఇంకా ఎవరూ దిగని ఇళ్ళలో, నీలం పలకల పూల్స్. అక్కడ కొలవడానికేం లేదు. క్లోరిన్ చల్లితే నాచు చస్తుంది. పగడం లేదు, చేప లేదు, కాపాడాల్సిన ప్రాణం ఏదీ లేదు. విషం పోసి నీళ్ళను మెరిపించడం, అదే పని. రోజంతా కళ్ళు మండేవి. చేసే పనికే కాదు, చెయ్యని తప్పుకు అక్కడ ఉన్నందుకు కూడా మండేవి. నా బదులు విల్లాకు పంపినవాడు కొలవకుండా రుద్దుతున్నాడని, మిషన్ ఇంకా బాగుపడలేదని, వంటావిడ ఫోన్లో చెప్పేది. ఆవిడ తోట నీళ్ళు మానేసి, అడుక్కుంటే షాపాయన బయట కొని పంపిన ఒకటీ అరా క్యాన్లతో నెట్టుకొస్తోందట. "మామా ఆ రోజు మిమ్మల్ని ఏవందో తెలుసాండి బాబుగారూ? ఈడి ఎన్నుపూసలో ఎవరో కర్ర గుచ్చేరే అందండి" అని నవ్వింది. నేను నవ్వలేదు. తర్వాత నవ్వాను.

ఒక పొద్దున షాపాయన నుంచి ఫోన్. రూవీ రమ్మన్నాడు. వెళ్తే కౌంటర్ వెనక నుంచి, నన్ను చూడకుండా అన్నాడు: "ఆ ఇంటి నుంచి ఫోనొచ్చింది. ముసలమ్మ అడుగుతున్నదంట, మా ఆసిఫ్ ఏడీ అని. ఆ ఇంట్ల నీ పేరు గదే ఇప్పుడు. చలో, బండెక్కు."

మా తాతగారి ఇంటిపేరు మోసిన నాకు ఒమాన్‌లో మిగిలిన పేరు అది. అరబ్బీలో చింతించనివాడు. సరే.

"నీళ్ళు?" అన్నాను.

"మిషన్ నిన్ననే బనాయించిన. క్యాన్లు తర్వాత పంపిస్త. ముందు నువ్వు పో."

తర్వాత. ఆ తొట్టిని చంపబోయింది ఆ మాటే. నేను బండెక్కలేదు. షాపు ముందు, ఎండలో, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన లోపలినుంచి చూశాడు. కసిరాడు, తిట్టాడు, ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి తనే క్యాన్లు మోసుకొచ్చి బండి వెనక ఎక్కించాడు. ఆఖరిది పెట్టాక నేను దాని మూత తీసి, గాజు గొట్టంలో కొంచెం నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, ఊపి, వెలుతురులోకి ఎత్తి చూశాను. ఆయన నడుం పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

రంగు మారలేదు. అప్పుడు బండెక్కాను.